క్రీడాభిమాని కష్టసుఖములు



తెలుగుపండితుడు టెన్నిసు ఆటను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వునకు నేను తగినవాడనే. నేను రాకెట్టు చేతబట్టి యెఱుగను. నేను చదివిన చదువులో బంతియాట యన్నది దశకుమారచరిత్రమున కందుకావతి కథయందు మాత్రమే కనబడినది. ఆ రాజపుత్రి దేవిని ఆరాధించుచు బంతియాడును; జనులు మూగి చూచి సంతోషింతురు. ఆమె ఒంటరిగా ఆడును గనుక ఆ ఆటలో ఓటమి లేదు. టెన్నిసులో నట్లు కాదు; వలకు ఆవల మఱియొకరు నిలిచి యుందురు. నేడు నేను చెప్పబోవు కష్టసుఖము లన్నియు ఆ మఱియొకరి వలన పుట్టినవే.

ఆట నేర్చుకొను విధానము నాకు తెలియదు, చెప్పను. ఒక క్రీడాకారిణి సంవత్సరము పొడవునను దేశదేశములు తిరిగి ఆడుచుండగా, ఎచ్చటనో చిన్న యూళ్ళలో కూర్చుండి, పత్రికలలోను టెలివిజనులోను ఆమె జయాపజయములను వెంబడించు అభిమానుల అవస్థ యే నా విషయము. నేనును వారిలో ఒకడను. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా ఆటను 2005 మొదలు 2023 వఱకు విడువక గమనించితిని. ఆ పదునెనిమిదేండ్లలో నా యుద్యోగము నన్ను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడూళ్ళకు త్రిప్పినది. అప్పు డవి మూడును వరంగల్లు జిల్లాలోనివే. 2016 లో మూడును మూడు జిల్లాలకు ముఖ్యస్థానము లైనవి. నా శిష్యులలో టెన్నిసు ఆడినవాడు ఒక్కడును లేడు. ఐనను ఆమె ఓడిన దినమున ఈ మూడూళ్ళ హోటళ్ళలో చాయ చల్లారిపోవుట నేను కన్నులార చూచితిని.

జనగామలో మా ఉపాధ్యాయుల గదికి రెండు పత్రికలు వచ్చుచుండెను. క్రికెట్టు వార్తల పుట కొఱకు ప్రతి యుదయము పెనుగులాటయే. టెన్నిసు వార్త ఆ పుటలో అడుగున చిన్న యక్షరములలో నుండును. దానిని చదువువారు లేరు. 2005 జనవరిలో ఆ చిన్న యక్షరములు పెద్దవైనవి. మెల్బోర్ను నగరమున జరిగిన ఆస్ట్రేలియను ఓపెనులో పదునెనిమిదేండ్ల సానియా మూడవ రౌండు వఱకు పోయి, సెరీనా విలియమ్సు చేతిలో 1-6, 4-6 తో ఓడినది. ఓడిన వార్తకే మా గదిలో పండుగ జరిగినది. గ్రాండ్ స్లామ్ అనబడు నాలుగు మహాపోటీలలో భారతదేశపు స్త్రీ సింగిల్సు మూడవ రౌండునకు చేరుట అదియే మొదలు. అంతకు ముందు 1998 లో నిరుపమా వైద్యనాథన్ అదే మెల్బోర్నులో ఒక్క రౌండు గెలిచినందులకే మనవారు గొప్పగా చెప్పుకొనిరి.

నెల తిరుగకముందే హైదరాబాదులో పోటీలు జరిగినవి. జనగామనుండి హైదరాబాదు రైలుకు ఎంత దూరము గనుక! మా పాఠశాలనుండి ఇద్దఱు సెలవు పెట్టి పోయి వచ్చిరి. తుదియాటలో సానియా ఉక్రెయిను దేశీయురాలగు అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తో గెలిచినది. స్త్రీల టెన్నిసు సంఘము జరపు పోటీలలో సింగిల్సు బిరుదు నందిన తొలి భారతీయురాలు ఆమెయే. మార్చిలో దుబాయియందు, అంతకు ముందేటి అమెరికా విజేతయగు కుజ్నెత్సోవాను రెండు సెట్లలో ఓడించినది. సెప్టెంబరులో న్యూయార్కున నాల్గవ రౌండు చేరినది. అచ్చట పగలు ఆట మొదలగునప్పటికి ఇచ్చట రాత్రి భోజనముల వేళ. కరెంటు పోవును, వచ్చును. వచ్చునప్పటికి ఒక సెట్టు గడచిపోయి యుండును. ఆ రౌండున షరపోవా ఆమెను 2-6, 1-6 తో ఓడించినది. మేము బాధపడలేదు. సంవత్సరాంతమున ప్రపంచమున ఆమె 31 వ స్థానమున నుండెను. అంతకు ముందేడు చివర 200 కు అవతల నున్న పిల్ల! ఈ వేగమున మఱియొక రెండేండ్లకు మొదటి స్థానమే యని మా లెక్కల మాస్టరు నల్లబల్లపై గీత గీచి నిరూపించినాడు. మేమందఱమును నమ్మితిమి. పట్టాభిషేకమునకు ముహూర్తము పెట్టుకొన్నట్లే యుంటిమి.

2006 లో నేను మహబూబాబాదునకు బదిలీయైతిని. ఆ యేడు సానియా సింగిల్సులో ఓటమిపై ఓటమి చూచినది. ముందేడు గెలిచిన హైదరాబాదు పోటీ బెంగుళూరునకు తరలిపోయినది. అచ్చట ఆమెకు సింగిల్సు బిరుదు రాలేదు. న్యూయార్కున నాల్గవ రౌండు దరికి చేరలేదు. స్థానము 60 దాటి క్రిందికి జారినది. డిసెంబరులో దోహా ఆసియా క్రీడలలో లియాండర్ పేసుతో కలిసి మిశ్రమ డబుల్సున బంగారు పతకమును, సింగిల్సున వెండి పతకమును తెచ్చినను మా కోపము చల్లారలేదు. మేము చూచినది స్థానము నొక్కదానినే.

అప్పుడు నేనొక పని చేసితిని. దానిని ఈ ప్రసంగమున చెప్పక తప్పదు.

తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఆటల ప్రస్తావన వచ్చినది. ఆ యుదయమే ఆమె ఇంకొక పోటీలో మొదటి రౌండుననే ఓడిన వార్త చదివి యుంటిని. "ఓడుటకే యైనచో విమానములెక్కి దేశములు తిరుగుట యెందుకు? ఇంట కూర్చుండియు ఓడవచ్చును గదా!" యని నేనంటిని. తరగతి గొల్లుమని నవ్వినది. నా చమత్కారమునకు నేనును లోలోన సంతోషించితిని. ఆ తరగతిలో పరుగు పందెములలో పాల్గొను బాలిక యొకతె యుండెను. రెండేండ్లుగా జిల్లా యెంపికలకు పోయి రెండు మాఱులును నాల్గవదిగా వచ్చినది, ముగ్గురినే తీసికొందురు. ఆమె ఆనాడు నవ్వినదో లేదో నేను చూడలేదు. మూడవయేడు ఆమె వరంగల్లునకు పోలేదని నాకు తొమ్మిదేండ్ల తరువాత తెలిసినది.

ఆ కథ అటుంచి, ఆనాడు నాకు తెలియని లెక్కను ముందు మీకు చెప్పెదను.

గ్రాండ్ స్లామ్ సింగిల్సులో 128 మంది ఆడుదురు. ఓడినవారు వెంటనే ఇల్లు చేరవలసినదే. ఏడు రౌండ్లు ముగియునప్పటికి ఒక్కరు మిగులుదురు. అనగా 127 మంది తమ చివరి యాటలో ఓడియే పోవుదురు. చిన్న పోటీలలో 32 మంది యాడిన 31 మందికి ఓటమియే. ఇట్టి పోటీలు జనవరినుండి శీతకాలము వఱకు ఇంచుమించు వారమువారము ఏదో యొక దేశమున జరుగుచుండును. క్రికెట్టు అభిమానికి నేడు ఓటమియైన రేపు గెలుపు రావచ్చును. ఇద్దఱిలో ఒకరు గెలువవలసినదే గదా! టెన్నిసు అభిమాని యట్లు కాదు. వాని క్రీడాకారిణి మంగళవారము గెలిచి, బుధవారము గెలిచి, శుక్రవారము ఓడును. ఆ వారమునకు వానికి మిగులునది శుక్రవారమే. సానియా సింగిల్సు ఆడిన కాలమంతయు చూచినచో, ఆ పెద్ద సంఘపు పోటీలలో ఆమె ఓడక ఇల్లు చేరినది 2005 ఫిబ్రవరిలో, హైదరాబాదున, ఒక్క పర్యాయమే. మిగిలిన ప్రతి పోటీయు ఆమెకు ఓటమితోనే ముగిసినది. అట్లు ఓడుచునే ఆమె 2007 ఆగస్టు 27 న 27 వ స్థానమునకు ఎక్కినది. భారతదేశపు స్త్రీ సింగిల్సులో అంత పైకి పోవుట అంతకు ముందును లేదు, ఆ తరువాతను లేదు. ఇన్ని ఓటములతో అంత యెత్తు ఎక్కుట యెట్లని అడిగినచో దానికి సమాధానము ఆ సంఘమువారి ఖాతాపద్ధతిలో నున్నది.

ప్రతి పోటీయందు ఏ రౌండు వఱకు పోయిన అన్ని పాయింట్లు ఇత్తురు. నేటి పట్టిక ప్రకారము గ్రాండ్ స్లామ్ గెలిచినవారికి 2000. తుదియాటలో ఓడినవారికి 1300. నాల్గవ రౌండున ఓడినవారికి 240. మొదటి రౌండున ఓడినవారికి 10. ఈ పాయింట్లు 52 వారములు మాత్రమే నిలుచును. ఆపైన కొట్టివేయబడును. ఇంచుమించు ప్రతి సోమవారము క్రొత్త పట్టిక వచ్చును. మన మహబూబాబాదు మిరప రైతునకు ఈ లెక్క వివరింప బనిలేదు. పోయినయేడు కల్లములో ఎన్ని బస్తాలు పోసినను, ఈ యేటి కల్లము మరల ఖాళీగానే మొదలగును. పోయినయేటి పంట నడిగి ఈ యేడు ఎవ్వరును అప్పీయరు. నాల్గవ రౌండు చేరిన క్రీడాకారిణి మఱుసటియేడు అదే పోటీలో నాల్గవ రౌండు చేరినచో ఉన్నచోటనే యుండును. రెండవ రౌండున ఓడినచో క్రిందికి జారును. కావున తొలియేడు మెఱసిన వారికి రెండవయేడే గడ్డుకాలము. 2006 లో మేము పతనమనుకొన్నది చాలవఱకు ఈ కొట్టివేతయే. నల్లబల్లపై గీచిన గీతలో మా లెక్కల మాస్టరు దీనిని చేర్చలేదు.

ఆటలో లెక్క వేఱొక విధముగా గూడ మోసగించును. మొత్తముమీద ఎక్కువ పాయింట్లు గెలిచినవారు ఆటలో ఓడిపోవచ్చును. ఒక సెట్టు 6-0 తో గెలిచి, మిగిలిన రెండును 6-7 తో పోగొట్టుకొన్నవారి గతి అదియే. ఎన్ని గెలిచితిరన్నది కాదు, ఎప్పుడు గెలిచితిరన్నదే ముఖ్యము. సానియా కుడిచేతి దెబ్బ, వారు ఫోర్‌హ్యాండ్ అనునది, ప్రపంచమున మేటివారితో సరితూగినది. సర్వీసు మాత్రము బలహీనము. మొదటి సర్వీసు తప్పినచో రెండవదానిని ప్రత్యర్థి కాచుకొని కొట్టును. రెండును తప్పినచో పాయింటు ఊరకే పోవును. ఆమె రెండవ సర్వీసునకు బంతి నెగురవేయునప్పుడెల్ల నేను కన్నులు మూసికొనెడివాడను.

2008 లో కుడి మణికట్టు చెడినది. బీజింగు ఒలింపిక్సులో మొదటి రౌండు నడుమనే నొప్పి భరింపలేక ఆట విడిచినది. శస్త్రచికిత్స జరిగినది. ఫోర్‌హ్యాండే ఆస్తిగా నున్నదానికి మణికట్టు పోవుట కుమ్మరికి సారె విఱిగినట్లు. అప్పటికే లోకులు ఆమె ఆట కన్న ఆమె గౌనును గూర్చియు, ఆమె ఎచ్చట కాలు పెట్టి కూర్చున్నదన్న దానిని గూర్చియు ఎక్కువ మాటలాడుచుండిరి. 2010 తరువాత ఆమె వివాహమును గూర్చి. వానిని నేనిచ్చట తడవను. ఆ వాదములు చేసినవారిలో పెక్కురకు సెట్టునకు ఎన్ని గేములో తెలియదు.

2012 వేసవిలో అభిమానులు కుపితులగుటకు మఱియొక కారణము కలిగినది. జూనులో ఆమె మహేశ్ భూపతితో కలిసి పారిసులో ఫ్రెంచి ఓపెను మిశ్రమ డబుల్సు గెలిచినది. ఆ జంటకే 2009 లో మెల్బోర్ను బిరుదును వచ్చినది. నెల తిరుగకముందే లండను ఒలింపిక్సునకు, పురుష క్రీడాకారుల నడుమ కలహము తీర్చుటకై, ఆమెను లియాండర్ పేసునకు జోడీగా నిర్ణయించిరి. తన్నొక యెరగా వాడుకొనిరని ఆమె బహిరంగముగా వ్రాసినది. పేసు మహాక్రీడాకారుడు, సందేహము లేదు. కాని గెలిచి వచ్చిన జంటను విడదీయుట నాకు నేటికిని సమ్మతము కాదు. వారిద్దఱును క్వార్టరు ఫైనలులో ఓడిరి. మహబూబాబాదు రైల్వే స్టేషను ఎదుటి హోటలులో ఆ రాత్రి జరిగిన వాదమును విన్నచో ఏ పార్లమెంటును చాలదు.

2013 నాటికి ఆమె సింగిల్సు మానుకొని, డబుల్సునే ఆడుటకు నిశ్చయించినది. ఇది మాకు అవమానముగా తోచినది. డబుల్సనగా సగము ఆటయే గదా యని మా తలపు. ఇందు మా యజ్ఞానమే కాని వేఱులేదు. టెన్నిసు స్థలము పొడవు 78 అడుగులు. సింగిల్సునకు వెడల్పు 27 అడుగులు. దానినంతయు ఒక్కరే కాచుకొనవలెను. డబుల్సునకు వెడల్పు 36 అడుగులు. ఇద్దఱు పంచుకొన్నచో తలకు 18. పరుగు తగ్గును. కాని బంతి వచ్చు వేగమున ఆలోచింప సమయ ముండదు. వలకు దగ్గఱగా నొకరు పొంచి యుందురు. ఇద్దఱి మనస్సును ఒక్కటిగా నుండవలెను. పరుగు తక్కువ, దెబ్బ యెక్కువగా నున్న క్రీడాకారిణికి ఇంతకన్న తగిన రంగము లేదు. తన దౌర్బల్యమును తానే లెక్కగట్టి, తన బలమునకు తగిన చోటు వెదకుకొన్నది. మేము దానిని వెనుకంజ యనుకొంటిమి.

2015 మార్చిలో ఆమె స్విట్జర్లండు దేశపు మార్టినా హింగిస్‌తో జోడీ కట్టినది. వలయొద్ద హింగిస్ చేతి నేర్పు, వెనుకనుండి సానియా దెబ్బ. వరుసగా మూడు పోటీలు గెలిచిరి. ఏప్రిల్ 13 న సానియా డబుల్సులో ప్రపంచమున మొదటి స్థానము నందినది. అప్పటికి నేను భూపాలపల్లికి వచ్చితిని. సింగరేణి గనుల యూరు గదా, రాత్రిపాళీ దిగి వచ్చువారును, ఎక్కబోవువారును ఉందురు గనుక ఏ జామున ఆట జరిగినను చూచువారు దొరకుదురు. టెన్నిసు అభిమానికి ఇంతకన్న అనుకూలమగు ఊరు లేదని నా యభిప్రాయము.

ఆ జూలై 11 న వింబుల్డను స్త్రీల డబుల్సు తుదియాట జరిగినది. మకరోవా, వెస్నినా యను రష్యా జంట ఎదుట. మొదటి సెట్టు 5-7 తో పోయినది. రెండవది 7-6 తో నిలిచినది. మూడవదానిలో 2-5 తో వెనుకబడిరి. ఇచ్చట అర్ధరాత్రి దాటినది. నాతో కూర్చున్న గనికార్మికుడొకడు, "ఇగ అయిపోయింది సారూ, పండుకుందాం" అని లేచినాడు. నేనును లేచితిని. తలుపు వేయబోవునంతలో 3-5 అయినది, 4-5 అయినది. మరల కూర్చుంటిమి. 5-5 కడ వెలుతురు చాలలేదని ఆటనాపి మైదానముపై కప్పు మూసి దీపములు వెలిగించిరి. ఆ విరామమున మాకు ఊపిరి యాడలేదు. 7-5. వింబుల్డను స్త్రీల డబుల్సు బిరుదు భారతీయురాలికి అదియే మొదలు.

సోమవారము నేను రక్తపుపోటు చూపించుకొనుటకై ఆసుపత్రికి పోయితిని. పట్టీ చుట్టుచున్న నర్సు నా మొగము చూచి, "సార్, మీరు మానుకోటల తెలుగు చెప్పిన సారే గద?" అని యడిగినది. ఔనంటిని. తన తరగతి చెప్పినది. పరుగు పందెములని చెప్పినప్పుడు నాకు గుర్తు వచ్చినది. పిదప పోటు చూచుచునే, "ఓడేటందుకు విమానమెందుకన్నరు సార్ మీరు. నాకింక యాదికున్నది. ఆ యేడు నేను వరంగల్‌కు పోలే" అన్నది. కోపముగా అనలేదు. మందుల పేర్లు చదివినట్లు అన్నది. నేనేమి చెప్పుదును? తప్పైపోయినదమ్మా యని గొణిగితిని. ఆమె విననట్లే, "మొన్న రాత్రి సూసిన్రా సార్? రెండు అయిదుంటే నేను డ్యూటీల ఫోన్ పెట్టుకొని సూస్తున్న" అని నవ్వినది. ఆనాటి నా రక్తపుపోటు లెక్క ఎంతయో చెప్పను.

ఆమె పోయియుండినచో గెలిచెడిదో, అయిదవదిగా వచ్చెడిదో ఎవ్వరికి తెలియును? నేనా లెక్క పలుమాఱులు వేసితిని, తేలలేదు.

పాయింట్ల పద్ధతి, 52 వారముల కొట్టివేత, ఇవన్నియు నాకు విప్పి చెప్పినది ఆ నర్సే. నలువది పుటల నోటుపుస్తకము కొని, ప్రతి సోమవారము తేదీయు, స్థానమును వ్రాసికొనుట నాటినుండి మొదలుపెట్టితిని. ఒకటి, ఒకటి, ఒకటి. సెప్టెంబరులో అమెరికా ఓపెను, 2016 జనవరిలో ఆస్ట్రేలియను ఓపెను గూడ ఆ జంటయే గెలిచినది. వరుసగా 41 ఆటలు ఓడలేదు. ఓటమి లేని ఆట చూచుట నాకు క్రొత్త. కందుకావతి కథలోనికి మరల పోయినట్లుండెను. మొత్తము 91 వారములు ఆమె ప్రథమస్థానమున నిలిచినది.

ఆ 91 వ వారము ముగిసిన విధము మాత్రము వినదగినది. 2017 జనవరిలో బ్రిస్బేను పోటీలో సానియా అమెరికా దేశపు బెథనీ మాటెక్ సాండ్స్‌తో జోడీ కట్టి బిరుదు గెలిచినది. గెలిచిన ఆ సోమవారమే ఆమె మొదటి స్థానము పోయినది. పోయి తనతో కలిసి గెలిచిన ఆ బెథనీకే చేరినది! ఏలయన సానియా అంతకు ముందేడు హింగిస్‌తో అదే పోటీ గెలిచి యుండెను. పాత పాయింట్లు కొట్టివేయబడి క్రొత్తవి వచ్చి సరికి సరియైనవి. బెథనీకి కొట్టివేయవలసిన పాత పంట అంతగా లేదు గనుక క్రొత్తది కలిసి వచ్చినది. వేదికపై ఇద్దఱును ఒకే కప్పు పట్టుకొని నిలిచిరి. 2006 లో నేను చదివినచో ఈ వార్తలో నాకు పతన మొక్కటియే కనబడెడిది. 2017 లో నేనును ఆ నర్సును దీనిని తలచుకొని ఆసుపత్రి వరండాలో చాలసేపు నవ్వితిమి.

నవ్వులేని దినములును కలవు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్సున రోహన్ బోపన్నతో మిశ్రమ డబుల్సు సెమీఫైనలు చేరినది. మొదటి సెట్టు గెలిచి గూడ, వీనస్ విలియమ్సు, రాజీవ్ రామ్ జంటకు ఓడిరి. ఇంకొక్క ఆట గెలిచిన వెండి నిశ్చయము. పోనిండు, కంచు పతకపు ఆట యున్నది. అందును 1-6, 5-7. నాల్గవ స్థానము. ఆ వారముననే పి.వి. సింధు బ్యాడ్మింటనులో వెండి తెచ్చినది గనుక లోకము ఈ నాల్గవ స్థానమును మఱచినది. నాల్గవదిగా వచ్చుట యెట్టిదో తెలిసినవారు మా యూరిలో ఒకరుండిరి. ఆ దినము నేను ఆమెకు ఫోను చేయలేదు.

2018 లో కుమారుడు కలిగెను; మొత్తముమీద రెండేండ్లకు పైగా ఆటకు దూరముగా నుండి, 2020 జనవరిలో తిరిగి వచ్చి, వచ్చీరాగానే హోబర్టులో డబుల్సు గెలిచినది. 2022 తన చివరి సంవత్సరమని ప్రకటించినది. మోచేయి నొచ్చి అమెరికా ఓపెను ఆడలేకపోవుటచే, అట్లు ముగించుట ఇష్టము లేక మఱికొన్ని నెలలు పొడిగించినది. 2023 జనవరిలో, పదునెనిమిదేండ్ల క్రిందట సెరీనాతో ఆడిన ఆ మెల్బోర్నులోనే, బోపన్నతో మిశ్రమ డబుల్సు తుదియాట చేరినది. బ్రెజిలు జంట 7-6, 6-2 తో గెలిచినది. మాటలాడుచు ఆమె కంట నీరు పెట్టినది. ఫిబ్రవరిలో దుబాయియందు మొదటి రౌండున 4-6, 0-6. అదియే చివరియాట. చివరి యాటయు ఓటమియే. పుస్తకమున ఆ అంకెలు వ్రాయునప్పుడు నా చేయి వణకలేదు. డబుల్సులో 43 బిరుదులు, ఆరు గ్రాండ్ స్లాములు పై పుటలలో నుండెను.

ఇక అభిమానుల ఆశ ఎవరిపై? ఆశ లేనిదే అభిమాని బ్రతుకడు. 2024 అక్టోబరులో కజాకుస్తానులోని అల్మాటీ నగరమున హైదరాబాదు యువకుడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి, అర్జున్ కఢేతో కలిసి పురుషుల డబుల్సు గెలిచినాడు. 2025 ఏప్రిల్‌లో పూనాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్పు పోటీలలో హైదరాబాదు పిల్ల భమిడిపాటి శ్రీవల్లి రష్మిక తానాడిన సింగిల్సు ఆటలన్నియు గెలిచి భారత జట్టును ముందునకు నడిపినది. ఆ జట్టులోనే యామలపల్లి సహజయు ఉన్నది. వీరి పేర్లు పత్రికలో మరల ఆ చిన్న యక్షరములలోనే వచ్చుచున్నవి. కండ్లద్దములు పెట్టుకొని చదువుచున్నాను.

నా పాత పుస్తకములు నిండినవి. మొన్న ఆ నర్సు ఫోను చేసి, "సార్, కొత్త బుక్కు కొన్నరా?" అని యడిగినది. ఆమె కూతురు ఆఱవ తరగతి. పరుగు కాదు, ఖోఖో ఆడునట. మండల స్థాయిలో ఓడి వచ్చినదట. మరల యెంపికలెప్పుడని యడిగితిని; వచ్చే నెలయని చెప్పినది. ఆ సాయంకాలమే అంగడికి పోయి నలువది పుటల పుస్తకము కొని, మొదటి పుటలో ఈ పిల్లలలో ఒకతె పేరు వ్రాసి, ఎదుట స్థానము వేసితిని. మూడంకెల సంఖ్య. తరువాతి సోమవారము చూతును గదా, మఱి పదునాలుగు స్థానములు క్రిందికి పోయినది. దానిని గూడ వ్రాసితిని.